మగ్గం మీది సగం చీర

తెనాలి ఆసుపత్రి

అమ్మా గౌతమీ, మీ అత్తయ్యకి నయంగానే ఉంది. ఫోనులో చెప్తే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

నిన్న ఐసీయూలో కసరత్తు చేయించే పిల్ల, నోట్లో ఊపిరి గొట్టం ఉండగానే మీ అత్తయ్యని మంచం అంచున కూర్చోబెట్టింది. "చంపుతావా ఏంటి?" అని అరిచాను. "పడుకోబెట్టే ఉంచితే కాళ్లు చచ్చుబడతాయి తాతగారూ" అంది. ఆ పిల్ల ఎంత చెప్పినా మీ అత్తయ్య కాళ్లు కదపలేదు. చివరికి నేనే వంగి, "మగ్గం గుంటలో కూర్చున్నాననుకుని తొక్కుడు చెక్కలు తొక్కవే" అన్నాను. రెండు కాళ్లూ మార్చి మార్చి తొక్కింది.

వచ్చేటప్పుడు ఆ పిల్లకి మన వేటపాలెం జీడిపప్పు అరకేజీ తీసుకురా. నేను తెమ్మన్నానని మాత్రం చెప్పొద్దు.

మగ్గం మీది సగం చీర ఇంకొకరి చేత నేయించనా అని అడిగావు. ఎవరూ చెయ్యి పెట్టొద్దు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పు. మీ అత్తయ్యే నేస్తుంది.

పిల్లలకి దీవెనలు.
మీ మామయ్య అంకారావు