వలకర్రల మీద ఆరిన టేపు

జువ్వలదిన్నె,
ఆగస్టు 1967

మద్రాసు కంప్యూటరు ఆఫీసు మేనేజరు గారికి,

ఊరూరా పురాణం చెప్పుకునేవాణ్ణి, నమస్కరించి రాస్తున్నాను. మీ దగ్గర పనిచేసే మా చిన్నపోలయ్య హైదరాబాదు ఆఫీసుకు కంప్యూటరు లెక్కలున్న టేపు చుట్ట తీసుకుపోతూ, తల్లిని చూడ్డానికి ఇక్కడ దిగినాడు. పడవలో ఉప్పునీళ్ళు పెట్టెలోకి పోయినాయి. తల్లి గురవమ్మ, "ఉప్పు తగిలింది, ఊరుకుంటే చివికిపోతుందిరా!" అని, వలను కడిగినట్టే టేపును మంచినీళ్ళలో జాడించి, వలకర్రల మీద ఆరేసింది. మా ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు.

టేపు పాడైందని మీరు వాణ్ణి పనిలోంచి తీసేసినారట. మీ మిషనుకు లెక్కలు అందించే, చిల్లులు పొడిచిన అట్టకార్డులైతే నీళ్ళకు ఉబ్బి పనికిరావు, ఒప్పుకుంటాను. టేపు మీదిది అయస్కాంతపు రాత, నీళ్ళకు చెరగదని వాడు మొత్తుకుంటున్నాడు. "ఒక్కసారి మిషనుకు ఎక్కించి చూడండి సారూ అంటే, చూసేదేముంది పొమ్మన్నారు స్వామీ" అని నా దగ్గర ఏడ్చినాడు.

నీరు తడపలేనిది ఆత్మ ఒక్కటేనని చెప్పేవాణ్ణి నేను. ఈ టేపు సంగతి నాకు తెలియదు. మీకూ తెలియదు. మిషనుకు తెలుసు, దాన్ని అడగండి. రాత పోయి ఉంటే వాడు వల పట్టుకుంటాడు, నేను నోరెత్తను.

ఎంతటి పాపికైనా యముడి కొలువులో చిత్రగుప్తుడు చిట్టా చదివిన తర్వాతే శిక్ష వేస్తారండీ. మీరు చదవకుండానే వేసినారు.