పెట్టెలో పాప గొంతు

ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 2004.

నా ఖమర్‌కు,

కంప్యూటరు మార్చానని ఒక్క ముక్క రాసి ఊరుకున్నానని మైదుకూరులో కూర్చుని నామీద అలిగావట. జమ్మలమడుగు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే బల్ల పంచుకున్నవాళ్ళం, నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మానేశాను, అంతే.

ఇంట్లో నా డీటీపీ పనికి పాత సిస్టం పెట్టిన బాధలు నీకు తెలిసినవే. ఎలక్షన్లు దగ్గరపడేకొద్దీ రెండు పార్టీలవాళ్ళూ కరపత్రాల మ్యాటరు ఫ్లాపీల్లో తెచ్చి ఇచ్చేవాళ్ళు. వాటితోపాటు వైరస్ వచ్చి సిస్టం పడిపోయేది. దానికి తోడు ఇక్కడి ఆఫ్‌సెట్ ప్రెస్సులవాళ్ళకు మ్యాక్‌లో చేసిన పేజీలే కావాలి. నేను చేసి పంపింది వాళ్ళ దగ్గర తెరిస్తే ఒత్తులు ఎగిరిపోయి, అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. కొత్త మ్యాక్ కొనే తాహతు మాకెక్కడిది? చివరికి మా అత్త నాగులమ్మే తన మందలోంచి రెండు పొట్టేళ్ళను సంతకు తోలించింది. జమ్మలమడుగులో కంప్యూటర్లు బాగుచేసే షంషుద్దీన్ నీకు గుర్తుండే ఉంటాడు. అతని దగ్గర ఎప్పుడో మూతపడిన ప్రెస్సు తాలూకు మ్యాక్ ఒకటి గుడ్డ కప్పుకుని ఉంది. దానికి టీవీ లాంటి తెర లేదు, పెట్టె మాత్రమే. నా పాత తెరకే చిన్న ముక్కేదో తగిలించి కలిపి ఇచ్చాడు. అలా తక్కువలో పడింది.

మొదటి వారం చేతులు కట్టేసినట్టే అయింది. దీని మౌసుకు ఒకటే బటను. తెర మీద కిటికీ మూయాలంటే కుడివైపు కాదు, ఎడమవైపు నొక్కాలి. ఫ్లాపీ బయటికి రావాలంటే దాని బొమ్మను చెత్తబుట్టలోకి లాగాలి. మొదటిసారి అలా లాగేటప్పుడు పని మొత్తం పోతుందేమోనని భయపడ్డాను. పెట్టె చప్పున ఫ్లాపీని బయటికి నెట్టింది.

ఆ మధ్యాహ్నమే అది మాట్లాడింది.

కీబోర్డు అలవాటు కాక ఏదో తప్పు నొక్కాను. వీధిలో మనిషి అలికిడి లేదు, ఎండకు కుక్కలు కూడా అరుగుల కింద దూరాయి. నా మోకాళ్ళ దగ్గర, బల్ల కింద పెట్టిన ఆ పెట్టెలోంచి ఒక ఆడపిల్ల గొంతు, చెవి దగ్గర చెప్పినట్టు మెల్లగా, “తలుపు తీయాకు నాయనా” అంది.

నేను లేచి నిలబడ్డాను. మా అత్త వంటింట్లోంచి వచ్చింది. “ఎవురి బిడ్డమ్మే? ఎవురొచ్చినారు?” అంది. ఎవరూ రాలేదన్నాను. ఆమె నమ్మలేదు, మంచం కింద కూడా వంగి చూసింది. కూర్చుని ఇంకో బటను నొక్కాను. మళ్ళీ అదే మాట. అదే నెమ్మది. భయం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

షంషుద్దీన్‌కు ఫోన్ చేస్తే నవ్వాడు. “తప్పు నొక్కితే టంగుమని కొడుతుంది గదా, ఆ శబ్దం బదులు మన గొంతు పెట్టుకోవచ్చు దాంట్లో. పాత ఓనరు ఆదినారాయణ తన కూతురి గొంతు పెట్టుకున్న్యాడు. నువ్వు మార్చుకో,” అన్నాడు. ఎలా మార్చాలో కూడా చెప్పాడు. కాగితం మీద రాసుకున్నాను, కానీ మార్చలేదు. ఎందుకని అడక్కు. ప్రింటరు ఆపేసి ఉంటే, అది దొరకలేదని పెట్టె తనంతట తానే కూడా ఆ మాట అంటుంది. ఇప్పుడు మా అత్త ఆ మాట వినగానే వెళ్ళి గొళ్ళెం చూసి వస్తుంది. “తీయనులేమ్మా, నువ్వు భయపడాకు,” అని పెట్టెకు జవాబు చెబుతుంది.

ఇంకొక సంగతి. మా ఆయన రంగన్న పార్టీ పెద్దాయన సుమో తోలుతాడని నీకు తెలుసు. ప్రచారం రోజులు కదా, అన్నానికి కూడా సరిగా రాడు. మొన్న వచ్చి ముద్ద నోట పెట్టుకున్నాడో లేదో పెట్టె ఆ మాట అనేసింది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఆ పెట్టె యాడిది?” అన్నాడు. జమ్మలమడుగుదన్నాను. “యా ప్రెస్సుది?” అన్నాడు. ఆదినారాయణ అనే ఆయనదట అన్నాను. చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. పోతూ, “దాన్ని అమ్మేయ్,” అన్నాడు. 

నీ
పెంచల


ప్రొద్దుటూరు,
మార్చి 2004.

ఖమర్, నా తల్లీ,

నీ జవాబు చదివాను. ఆ గొంతు తీసేసి నీ పని నువ్వు చూసుకో అన్నావు. నువ్వన్నది న్యాయమే. కానీ నేను వేరే పని చేసి వచ్చాను.

ఆదినారాయణ గురించి షంషుద్దీన్ అంతా చెప్పాడు. పోయిన ఎలక్షన్లప్పుడు ఎవరో ఇచ్చిన కరపత్రం అచ్చేశాడట. దాంట్లో ఒక పార్టీ వాళ్ళ గుట్టు ఉందట. అది రాసిందెవరో చెప్పమని వచ్చినవాళ్ళు ఆయన్ను ఇంటి ముందరి గదిలోని ప్రెస్సు గడపలోనే పొడిచి పోయారు. ఆయన భార్య సుబ్బరత్నమ్మ పులివెందులలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఆ పాప బతికే ఉంది, పేరు గంగాభవాని. ఇది విన్నాక నాకు ఊపిరి ఆడింది. అన్ని రోజులూ చచ్చిపోయిన బిడ్డ గొంతనుకునే దాని పక్కన పని చేశాను.

తల్లి ఆ పసి గొంతు విని ఎన్నేళ్ళయిందో అనిపించింది. పెట్టె దగ్గర టేప్‌రికార్డరు పెట్టి ఆ మాట క్యాసెట్‌లో పట్టుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు. ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను.

సుబ్బరత్నమ్మ మంచి మనిషి. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. క్యాసెట్ పెడితే మొదటి మాటకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి నవ్వింది కూడా. “ఆదివారం వస్తే నాయన దానితో ఆడుకోవల్ల. ఎవురన్నా తలుపు కొట్టినారంటే పనిలో పడిపోతాడని, తీయాకు తీయాకు అని ఎంటపడేది. ఆయన మురిసిపోయి ఆ మాటనే మిషన్‌లో పెట్టుకున్న్యాడు,” అంది.

అప్పుడు బడి నుంచి పాప వచ్చింది. పాప అంటున్నాను గానీ తొమ్మిదో తరగతి, తల్లి భుజం దాటింది. తలుపు తెరిచే ఉన్నా బయట నిలబడి, తల్లి పిలిచాకే లోపలికి వచ్చింది. క్యాసెట్ మళ్ళీ వేశారు. ఆ పిల్ల ముఖంలో ఏ మార్పూ లేదు. వేరే ఎవరి గొంతో విన్నట్టు వింది.

“ఇది ముందెప్పుడో అన్నింది,” అంది. “నాయన పోయిన పొద్దు నేను తీయాకు అన్లేదు. ఎవురో వచ్చినారు, తీయి నాయనా అన్న్యా. నేను చెప్తేనే లేసినాడు.”

“ఐదేండ్లుగా ఇదే మాట పెంచలమ్మా,” అంది తల్లి. “చిన్నబిడ్డవు, నీకేం గుర్తుంటాది, నువ్వట్ల అనుండవు అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నేను ఆ పొద్దు ఇంట్లో లేను. నామాట అదెట్ల నమ్ముతాది? ఇంతవరకూ యా తలుపూ తన చేత్తో తీయదు. బాత్రూము తలుపు గూడా.”

ఆ పిల్ల నన్నే చూస్తోంది. నా పెట్టెలో ఉన్న గొంతు ఒకటి, నా ముందున్న మనిషి ఒకటి. ఆ గొంతు ఆ పిల్లకు ఇంకెప్పుడూ అందదేమో అనిపించింది. ఆ పిల్ల క్యాసెట్ తిరిగి ఇచ్చేసింది. “నీ దగ్గరే ఉంచుకో అక్కా,” అంది.

తిరుగు బస్సులో దారంతా ఒకటే ఆలోచన. మా ఆయన ఏ ప్రెస్సు అని ఎందుకు అడిగాడు? వచ్చింది జమ్మలమడుగు నుంచి అని మాత్రమే చెప్పాను. ప్రెస్సుదని నేను అనలేదు ఖమర్. ఆ పొద్దు నుంచీ ఆయన ఇంట్లో అన్నం తినడం మానేశాడు. వసారాలో నిలబడి నీళ్ళు తాగి పోతున్నాడు. ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చి ఆయన్ను అడుగుతాను. అడగకుండా ఇంక ఈ ఇంట్లో ఉండలేను.

నీ
పెంచల


చక్రాయపేట,
ఏప్రిల్ 2004.

ఖమర్‌కు,

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. మా అత్త పుట్టిన పల్లె ఇక్కడే దగ్గర్లో ఉంది. మేం ముగ్గురం ఆమె అన్న ఇంట్లో ఉన్నాం. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పకు.

ఆ రోజు ఆయన రాగానే పులివెందులకు పోయి వచ్చానని చెప్పాను. పాప అన్న మాటలూ, తలుపుల సంగతీ, అన్నీ చెప్పాను. మా అత్త గడప మీద కూర్చుని వింటోంది. ఆయన నిలబడే విన్నాడు. విని, “ఆ పొద్దు బండి తోలింది నేనే,” అన్నాడు.

మా అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు ముందే తెలుసు, కానీ మనిషి నోట వినడం వేరు.

“మాట్లాడొస్తామన్న్యారు. కిటికీ పక్కన గోడ నీడకు బండి పెట్టుకుని కూసున్న్యా. ఆ బిడ్డ గొంతు ఇన్న్యా. మళ్ళ ఆ బిడ్డ నాయన వచ్చి తలుపు తీసినాడు,” అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆ ఎలక్షన్ల తర్వాత మనిషి నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. బండి తోలడం వల్ల నడుము నొప్పి అనేవాడు, నేను నూనె రాసేదాన్ని. ఆ నూనె చేతులు ఇప్పుడు నావి కావనిపించింది.

పొద్దున్నే సుమో తాళంచెవి పెద్దాయన ఇంట్లో ఇచ్చి వచ్చాడు. ఎలక్షన్ల ముందర తాళంచెవి తిరిగి ఇవ్వడం అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. వాళ్ళు ఏమీ అనలేదట. టీ ఇచ్చి పంపారట. తిట్టకుండా టీ ఇచ్చి పంపారంటే ఇక వదలరని, అది విన్నప్పుడే మా అత్త మూటలు కట్టడం మొదలుపెట్టింది. నన్ను వెంటపెట్టుకుని ఆయన అప్పటికప్పుడే పులివెందుల బయల్దేరాడు.

సుబ్బరత్నమ్మ నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. ఆయన గడప దాటలేదు. “అమ్మా, నన్ను లోపలికి పిలవాకు. నీ మొగుడు పోయిన పొద్దు నేను బయట బండిలో ఉన్న్యా,” అన్నాడు. ఆమె తమ్ముడు మూలనున్న కట్టె అందుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, “ఉండు. చెప్పనీ,” అంది. ఆమె ముఖం నేను చూడలేకపోయాను.

పాప తల్లి వెనకాల నిలబడి ఉంది. ఆయన ఆ పిల్లతోనే మాట్లాడాడు.

“నువ్వు తీయమన్లేదు పాపా. తీయాకు నాయనా అన్న్యావు. కిటికీ పక్కనే ఉన్న్యా, నా చెవులారా ఇన్న్యా. నాయన నీ మాట ఇనకుండా లేసినాడు.”

ఆ పిల్ల చాలాసేపు ఆయన ముఖం చూసింది. “నిజంగా నాదేనా ఆ గొంతు?” అంది.

“నీదే. మా ఇంట్లో పెట్టెలో ఉండేది గూడా అదే గొంతు. అది ఇన్యాకే నాకు అన్నం లోపలికి పోలేదు.”

“మరి నేను తీయాకు అంటాంటే ఇని, నువ్వెందుకు రాలేదు?”

“భయపడినా,” అన్నాడు ఆయన. ఆ పిల్ల తల్లి వీపుకు ముఖం ఆనించుకుని ఏడ్చింది. అలా ఏడవడం నేను చూడలేదు ఖమర్, ఆ పిల్ల ఒళ్ళంతా కదిలిపోయింది. సుబ్బరత్నమ్మ వెనక్కి చెయ్యి చాచి కూతురి తల పట్టుకునే ఆయన్ను అడిగింది: “జమ్మలమడుగు కోర్టులో కేసు ఇంకా వాయిదాలు పడతానే ఉంది. చూసినోడు లేడని. ఈ మాట జడ్జి ముందర చెప్తావా?”

“చెప్తా.”

“మా వాకిట్లో చెప్పడం వేరు.”

“తెలుసు. చెప్తా,” అన్నాడు.

ఇక్కడిదాకా ఎవరికైనా చెప్పొచ్చు. ఇక నీకు మాత్రమే.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రగుంట్లలో బస్సు మారాలి. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు దూరంగా కనబడుతున్నాయి, రోడ్డు పక్క తుమ్మచెట్ల మీద తెల్లటి దుమ్ము. మనిషికి ఏదో భారం దిగినట్టుంటుందనుకున్నాను. అలా లేదు. నేనే అన్నాను, “ఆ మాట నువ్వు విని ఉండడం ఆ బిడ్డ అదృష్టం,” అని.

ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు.

“ఆ బిడ్డకు బాగానే గుర్తుండాది పెంచలా. ఎవురో వచ్చినారు, తీయి నాయనా అనే అన్నింది ఆ పొద్దు. నేనిన్న్యా. ఆ గొంతే మొన్న మనింట్లో తీయాకు అంటాంది. గొంతు అదే, మాట తిరగబడింది. నాకు మతి పోయిందనుకున్న్యా. తీయాకు అనింటే బాగుండునని ఆ బిడ్డ ఇన్నేండ్లూ అనుకునిందే ఆ పెట్టెలోకి వచ్చి చెప్తాందనుకున్న్యా.”

ఆ మాట ఎప్పుడో ఆదివారం ఆటలో పట్టుకున్నదని నాకు తెలుసు. తల్లి నోటితో విన్నాను. అయినా ఆ ఎండలో, అంతమంది జనం మధ్య, నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

“కోర్టులో ఏం చెప్తావు?” అన్నాను.

“వచ్చినోళ్ళెవరో అంతా ఉన్నదున్నట్టు చెప్తా. ఈ ఒక్కటి మాత్రం ఆ బిడ్డకు చెప్పినట్టే చెప్తా. ప్రమాణం చేసి చెప్తా,” అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “నువ్వేమంటావు?” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా అడగడం ఇదే మొదలు.

ఆయన్ను నేను క్షమించానో లేదో నాకే తెలియదు ఖమర్. ఆ గోడ నీడలో బండి పెట్టుకుని కూర్చున్న మనిషీ ఈయనే, ఆ పిల్ల ముందు నిలబడిన మనిషీ ఈయనే. ఇద్దరినీ ఒక్కరిగా చూడడం ఇంకా రావట్లేదు.

“ఆ పొద్దు నువ్వు ఇంటికి వచ్చి నాకు చెప్పింది గూడా అదే మాట,” అన్నాను, ఆయన అప్పుడేమీ చెప్పకపోయినా. “తీయాకు నాయనా అన్నింది. నన్నడిగినా నేనదే చెప్తా.”

ఆయన తల ఊపాడు. బస్సు వచ్చింది, ఎక్కాం. సోమవారం ఆయన జమ్మలమడుగు కోర్టుకు పోతున్నాడు. నేనూ వెంట పోతున్నాను.

నీ
పెంచల