పదిహేడో మెట్టు దగ్గర మంచినీళ్లు

పెదనాన్నకు నమస్కారాలు.

మీరు ఈమెయిలు చూడరు, ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. ఇరవై ఏడేళ్ల కిందట మీరు రాసిన లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుక పుస్తకాన్ని సరిచేసే పని నాకు పడింది. మీరు ‘కేంద్ర యంత్రం’ అన్నచోటల్లా ఇప్పుడు ‘వేదిక’ అనాలట. నాలుగొందల పన్నెండు చోట్ల. నెలాఖరుకు పూర్తయితే నా ఉద్యోగం ఖాయం.

ఒక్క సందేహం. పదిహేడో మెట్టులో ‘ఇక్కడ ఆగి మంచినీళ్లు తాగండి. తొందరేం లేదు’ అని ఉంది. యంత్రం చల్లబడడానికా? ఇప్పుడు అక్కర్లేదు కదా, తీసేస్తున్నాను.

మీ బుడంకాయ

తా.క. పదహారో మెట్టు తప్ప పుస్తకమంతా అర్థమైంది.

* * *

బుడంకాయకు ఆశీస్సులు.

నీ ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. పదకొండు తప్పులు. ‘వేదిక’ అని నామకరణం చేసిన మీ డైరెక్టరు నా కింద మూడేళ్లు పనిచేశాడు. కామా ఎక్కడ పెట్టాలో నేనే నేర్పాను. రాలేదు. నిఘంటువులన్నీ రెండేసిసార్లు చదివినవాణ్ణి, పేరు మారిస్తే గాడిద గుర్రమవుతుందని ఎక్కడా కనబడలేదు.

పదిహేడో మెట్టు జోలికి వస్తే ఊరుకోను. కారణం నీకు అనవసరం.

పెదనాన్న

తా.క. మెట్టు అర్థం కాకపోతే తప్పు మెట్టుది కాదు, ఎక్కేవాళ్లది.

మరో తా.క. మీ పెద్దమ్మ నీకు చొక్కా కుడుతోంది. పాత కొలతలేనా, లావయ్యావా అని అడగమంది.

* * *

పెదనాన్నకు నమస్కారాలు.

కొంప మునిగింది. ఒక్క మీట నొక్కి నాలుగొందల పన్నెండూ మార్చేసి, పరీక్షకని ఒక లైబ్రరీకి పంపాను. ఇప్పుడు పుస్తకంలో ‘వేదికను వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి’, ‘వేదిక మీద టీ కప్పు పెట్టకండి’ అని ఉంది. వేదిక ఎక్కడో దూరపు కంప్యూటర్లలో ఉంటుంది, మా డైరెక్టరే చూడలేదు. లైబ్రేరియన్ ఫోన్ చేసి, ‘గుడ్డ తడిపి పిండి ఆరబెట్టానమ్మా, ఎక్కడ తుడవాలి?’ అంది.

పదిహేడో మెట్టు ఉంచమని మీ తరఫున అడిగాను. కారణం చెప్పమన్నారు. యంత్రం బాగా వేడెక్కేదని చెప్పేశాను.

మీ బుడంకాయ

తా.క. దాంతో ‘పదిహేడో మెట్టు దగ్గర వేదిక వేడెక్కును, జాగ్రత్త’ అని చేర్చమన్నారు.

మరో తా.క. లావయ్యాను.

* * *

బుడంకాయకు (ఆశీస్సులు తర్వాత).

నా యంత్రం వేడెక్కేదని నీకెవరు చెప్పారు? దాని పక్కన పిల్లి పడుకునేది, చలికి వణికేది! మనింటి ఆడపిల్లే ఇంత నింద వేస్తే బయటివాళ్లను ఏమనాలి? మీ డైరెక్టరుకు నాలుగు పేజీల రిజిస్టరు ఉత్తరం పంపాను.

పెదనాన్న

తా.క. అందులో కామాలు లెక్కపెట్టుకుని నేర్చుకోమని కూడా రాశాను.

* * *

ఆర్యా,

తమ ఫిర్యాదు అందినది. విషయం: వేడెక్కుచున్న మంచినీళ్లు. పరిష్కారానికై సంబంధిత ఉద్యోగికి అప్పగించడమైనది.

ఆ ఉద్యోగిని నేనే, పెదనాన్నా! శుక్రవారం లోపు అసలు కారణం చెప్పండి. లేకపోతే ఆ మెట్టూ పోతుంది, దానితోపాటు నా ఉద్యోగమూ పోయేలా ఉంది. కొత్త పుస్తకం పరీక్షకు కూర్చున్న ఆరుగురూ పదహారు దగ్గరే చతికిలబడ్డారు. మీ అసలు వాక్యం చూడండి: ‘కేంద్ర యంత్రమందు దాఖలైన ప్రతి యొక్క బహిర్గత స్థితిని పునరాగమన సంకేతముచే రద్దుపరచునది.’ ఇది ఏ జన్మలో తెలుగు?

మీ బుడంకాయ

* * *

బుడంకాయకు ఆశీస్సులు.

చాటుగా రాస్తున్నాను. ఆ రోజుల్లో ప్రతి మెట్టూ మీ పెద్దమ్మ చేత చేయించేవాణ్ణి. కుట్టుమిషను ఆపి, దారప్పోగులు దులుపుకొని వచ్చి కూర్చునేది. నన్ను అడగకుండా చేయగలిగితేనే ఆ మెట్టు అచ్చుకు వెళ్లేది. పదహారు పూర్తిచేసి, తనే పెన్సిలు తీసుకుని ‘ఇక్కడ ఆగి మంచినీళ్లు తాగండి’ అని రాసింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద ఎంత దయ అనుకున్నాను. పుస్తకంలో ఆమె పేరు వెయ్యమంటే జాగా లేదన్నారు పైవాళ్లు. ఆమె అందులో ఉన్నది ఆ ఒక్క వాక్యంలోనే. ఉంచు తల్లీ.

పెదనాన్న

తా.క. బుడంకాయా, నేను పెద్దమ్మను. చాటుగా రాస్తూ బయటికి చదువుకుంటాడు ఈయన. దయా లేదు, నా మొహమూ లేదు. పదహారు నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అర్థం కాలేదంటే మూడు రోజులు అలుగుతాడు. మంచినీళ్లు తెమ్మని ఈయన్ని పంపి, ఆ సందులో పక్కనున్న లైబ్రరీ పుస్తకం వెనకున్న నంబరు కొట్టి చూశాను. పచ్చగా వెలిగింది. తర్వాత చదివేవాళ్లు ఒళ్లు మండి కంప్యూటరు పగలగొడతారేమోనని ఆ నీళ్ల మాట రాశాను. పదిహేడు తీసెయ్. పదహారు ఇలా వేసుకో: ‘పుస్తకం వెనకున్న నంబరు కొట్టండి. పచ్చగా వెలిగితే పుస్తకం తిరిగి చేరినట్టే.’ చొక్కా రెండు అంగుళాలు వదులు చేశాను.

తా.క.కు తా.క. ఇరవై ఏడేళ్లు దాచింది! ఎర్రసిరా పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఆమె రాసిన పదహారులో ఒక్క తప్పూ దొరకలేదు. అందులో కేంద్ర యంత్రమూ లేదు, వేదికా లేదు. మీ డైరెక్టరు రేపు ఇంకో పేరు పెట్టినా దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పదిహేడు తీసేశాక జాగా మిగులుతుంది కదా, అక్కడ ఆమె పేరు వెయ్యి. నేను మంచినీళ్లు తాగి వస్తాను.