వత్సవాయి వెళ్లాల్సిన జనరేటరు

కృపా,

వత్సవాయి సువార్త కూటానికి మైకు కట్టడానికి తొలి బస్సుకే పోతున్నా. మధ్యాహ్నం ఏలీయా ఎడ్లబండి తోలుకొస్తాడు. జనరేటరు ఎక్కించి పంపు.

ఈలోగా దాన్ని కాసేపు నడిపి ఆపు. వేడి మీద ఉండగానే పాత ఆయిల్ దించి కొత్తది పొయ్యి. స్పార్కు ప్లగ్గుకి పట్టిన మసి గరుకు కాగితంతో గీకు. పెట్రోలు మాత్రం మిషను చల్లారాకే పొయ్యి, వంటింటి దగ్గర వద్దు. పాత ఆయిల్ పారబొయ్యకు, ఏలీయా బండి ఇరుసుకి కావాలన్నాడు.

మొగుణ్ణని కూడా చూడకుండా వీరులపాడు కూటం సంగతి పేటంతా చెప్పి నవ్వావట. నిజమే, జనరేటరు తాడు లాగీ లాగీ నా చేతులు బొబ్బలెక్కినా దీపాలు వెలగలేదు. పాస్టరుగారు అందర్నీ మోకాళ్ల మీద ప్రార్థించమన్నారు. మోకరించాక గదా, పెట్రోలు కుళాయి మూసే ఉందని నాకు కనబడింది! దీపాలు వెలగ్గానే జనం స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ప్రేమానందం

నువ్వూ బండెక్కి రా. నువ్వు లాగితే అది ఒక్కసారికే స్టార్టవుద్ది. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టి, అందరూ కళ్లు మూసుకున్నాక లాగు. వాళ్లు కళ్లు తెరిచేసరికి తాడు నా చేతిలో ఉంటుంది.