నవ్వించేవాళ్ల పంచాయితీ

మా అక్క హనుమక్కకు, ఆదోని నుంచి తమ్ముడు ఉరుకుందప్ప కాళ్లకు మొక్కి రాసేది.

ముందుగా మన ఎర్రావు బాగుందా? తర్వాత నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఆ తర్వాత ఇంకా చోటు మిగిలితే బావ దగ్గు ఎట్లా ఉంది? ఇక్కడ నేను, వీరేశు, కోడలు లక్ష్మి అందరం బాగున్నాము. నిజంగానే బాగున్నాము. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

హొళగుందకు, ఆదోనికి మధ్య రెండు గంటల బస్సు దారి. దుబాయి పోయినట్టు ఉత్తరం రాస్తున్నాడేమి అని బావ అంటుంటాడు. ఏం చేసేది? ఫోను చేస్తే బావ ఎత్తుతాడు. నేనొక మాట అంటాను, ఆయనొక మాట అంటాడు, కోపమొచ్చి పెట్టేస్తాడు. ఇక్కడికొచ్చిన ఈ మూడు నెలల్లో నీ గొంతు రెండు సార్లు కూడా వినలేదు. ఉత్తరమైతే పెట్టేసేది ఉండదు. నీకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించేది కూడా ఆయనే. బావా, నిన్ను తిట్టిన చోట గొంతు తగ్గించొద్దు. అక్కకు వినపడాలి.

అక్కా, ఇక్కడ మేముండేది పత్తి మిల్లు ఇచ్చిన గది. వీరేశు మిషన్ల దగ్గర, లక్ష్మి పత్తిలో ఆకు, చెత్త ఏరే ఆడవాళ్లతో, నేను గేటు దగ్గర. బండ్లు వస్తే గేటు తీయాలి, పోతే మూయాలి. ఈ పనికి నేను చదివిన నాలుగో తరగతి కూడా ఎక్కువే. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, రోజంతా గాలిలో దూది. సాయంత్రానికి మీసాలు, కనుబొమ్మలు తెల్లగా అవుతాయి. అవి ముందే తెల్లగా ఉన్నాయని బావ అంటాడు, అననీ.

తిండికి తక్కువ లేదు. జొన్నరొట్టె లక్ష్మి బాగానే కొడుతుంది. ఆదివారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. పుండికూర మాత్రం ఇక్కడ మన చేలోది లాగా పులుపు ఎక్కదు. వీలైతే పచ్చడి నూరి, చిన్న జాడీ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. పోయిన నెల నేను ఊరికి వచ్చేద్దామని సంచి సర్దుకున్నాను. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఏడుస్తావు, బావ సంతోషపడతాడు. రెండూ నాకు ఇష్టం లేదు.

మన ఊళ్లో ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా. ఎవరు కనబడినా ముందు వరస చూసుకుంటాం. ఈమె అక్క వరస, ఆమె మరదలు వరస, వాడు మామ, వీడు అల్లుడు. కులం వేరైనా వరస ఉంటుంది. మరదలైతే ఎంత మాటైనా అనొచ్చు, చెల్లెలైతే తల వంచుకుని పోవాలి. పాలు తాగే వయసు నుంచి తెలిసిన సంగతి. డెబ్భై ఏళ్లొచ్చాక ఆ సంగతే మరిచిపోయాను చూడు.

ఇక్కడ ఎవరు నాకు ఏ వరసో తెలియదు. చుట్టూ రెండు వందల మంది ఉన్నారు, ఒక్కరిని కూడా ఒక్క మాట అనడానికి లేదు. రెండు నెలలు నోరు కట్టుకున్నాను. ఒకరోజు పొద్దున సుంకమ్మ అని, నందవరం వైపు ఆమె, పత్తి ఏరే వాళ్లలో పెద్దది, నా కంటే పదిహేనేళ్లు చిన్నదేమో, ఆలస్యంగా గేటు దాటుతోంది. ఊరూ పేరూ అడగకుండానే నోరు జారింది.

“ఏం మరదలా, ఇంత పొద్దెక్కినాక వస్తాండావు? నీ మొగుడు ఇడిసిపెట్టల్యా?”

ఆమె ఆగింది. నవ్వలేదు, తిట్టలేదు. అన్నం గిన్నె చంకలో పెట్టుకుని, “ఎవరికి మరదలు?” అని ఒక్క మాట అడిగి లోపలికి పోయింది.

అంతే అక్కా. ఆ మధ్యాహ్నానికి మిల్లంతా తెలిసింది. ఆమె భర్త రామాంజి అక్కడే హమాలీ. పొడుగాటి మనిషి, ఎవరితోనూ మాట్లాడడు. వచ్చి నా ముందు నిలబడి, ఒకసారి చూసి వెళ్లిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది. ఆడవాళ్లు నన్ను చూస్తే కొంగు సర్దుకుని పక్కనుంచి పోవడం మొదలుపెట్టారు. లక్ష్మి రోజూ వాళ్ల మధ్యనే కూర్చుని పని చేయాలి కదా, దానికి తల కొట్టేసినట్టయింది. వీరేశు నా ముఖం చూడకుండా, “నాయనా, ఈడ మన ఊరు గాదు. నోరు మూసుకోని ఉండు” అన్నాడు. నా కొడుకు నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

పన్నెండు రోజులు గేటు తీశాను, మూశాను. ఆదివారం పొద్దున బస్సుకు పోదామని సంచి సర్దాను.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి. అందరూ షెడ్డు కింద సద్ది విప్పుకున్నారు. నేను ఎప్పటిలాగే గేటు దగ్గర దూరంగా కూర్చున్నాను. వాళ్లలో ఒక పంచాయితీ మొదలైంది. సినిమాల్లో నవ్వించేవాళ్లలో అందరికంటే గొప్పవాడు ఎవరని.

పత్తి బేళ్లు కట్టే ఉసేన్ సాబు పాతకాలం మనిషి. “నలుపు తెలుపు బొమ్మల్లో ఒగ సన్నటాయప్ప ఉండె. నోరు తెరిసేపనే ల్యా. ఊరికే సూస్తే సాలు, జనం కిందపడి దొర్లుతాండ్రి” అన్నాడు.

పత్తి ఏరే మేరమ్మ ఊరుకుంటుందా? “పో సాబూ, నువ్వూ నీ సన్నటాయప్పా. ఇప్పటి లావాటాయప్పను సూడు. నడిసొస్తేనే నవ్వొస్తాది.”

“నడిసొస్తే నవ్వొచ్చేదానికి సినిమా యాల? నువ్వు నడిసినా వస్తాది.”

“నీ గడ్డం పీకుతా సూడు!”

మాట మీద మాట పెరిగింది. సాబు, మేరమ్మ ఇచ్చిన మిరపకాయ తొక్కు వెనక్కి ఇచ్చేశాడు. ఆమె అది తీసుకోకుండా నేల మీద పెట్టింది. ఎవరిది న్యాయమో చెప్పమని తలా ఒకరిని అడుగుతున్నారు. అప్పుడు సుంకమ్మ, రొట్టె తుంచుతూ, నా వైపు చూడకుండానే అంది:

“ఆ గేటు కాడ ఆయప్పను అడగండి. నోరున్న మనిషి గదా.”

రామాంజి తల ఎత్తాడు. లక్ష్మి భయంతో నన్ను చూసింది. రేపు పోయేవాడినే కదా అని లేచి వాళ్ల దగ్గరికి పోయాను.

“మీరు సెప్పినోళ్లంతా నవ్వించేటోళ్లే. మా బావ అందరికన్నా పెద్దోడు” అన్నాను.

“మీ బావ యా సినిమాలో ఉండాడు తాతా?” అంది మేరమ్మ.

“హొళగుందలో ఉండాడు. ఆయన పెండ్లిలో నేను పాయసంలో గుప్పెడు ఉప్పేసి ఇచ్చిన. ఉమ్ముతాడు, అందరం నగుదామని కాసుకోనుంటిమి. ఆయప్ప గుటుక్కున తాగి, మూతి తుడుసుకోని, ‘శానా బాగుంది, ఇంగొంచెం పొయ్యి’ అన్యాడు. అందరూ నన్ను సూసి నగిరి. అప్పట్నుంచి నేను అంటానే ఉండా, ఆయప్ప పడతానే ఉండాడు. అనేది ఎవడైనా అంటాడమ్మా. పడి, తెల్లారి మళ్లీ వచ్చి మన పక్కన కూసునేటోడు యాడుంటాడు? ఆయప్ప ఉండబట్టే నేను నవ్వించేటోన్నని అనుకుంటి. ఈడికొచ్చినాక తెలిసె.”

బావా, ఇక్కడ ఆగొద్దు, చదువు. ఇది తిట్టు కాదు.

సుంకమ్మ వైపు తిరిగి, “వరస అడక్కుండా మాట తూలినా. తప్పు నాదే తల్లీ” అన్నాను.

ఆమె చేతిలో రొట్టె గిన్నెలో పెట్టింది. తర్వాత, “ఇంగోసారి మరదలా అంటే సెప్పు తీస్తా” అంది. మళ్లీ రొట్టె తీసుకుని, “నాకు తోడబుట్టినోళ్లు ల్యారు. అన్నగా ఉంటావా సెప్పు. ఉంటే నాతో మర్యాదగా ఉండల్ల. అనేదేమన్నా ఉంటే ఇదో, ఈయప్పను అనుకో. ఈయప్పకు నువ్వు బావవైతావు” అని భర్తను చూపించింది.

అక్కా, ఆకలిగొన్నవాడికి విస్తరి వేసినట్టయింది. ఆగలేకపోయాను.

“ఏం రామాంజీ, ముప్పై ఏండ్లుగా మా సెల్లెలు నీతో మాట్లాడతాండాది. జవాబియ్యల్లంటే మంచి ముహూర్తం సూసుకుంటాండావా?”

ఎవరూ నవ్వలేదు. రామాంజి నోట్లో రొట్టె నమిలాడు. చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. చెంబు పెట్టాడు.

“నిన్ను గేటు కాడ ఎందుకు పెట్టినారో తెలుసునా బావా? కుక్కను పెడితే దానికి గొలుసు కొనల్ల. నువ్వైతే ఊరికే ఉంటావు, ఊరికే మొరుగుతావని.”

ఉసేన్ సాబుకు పొలమారింది. మేరమ్మ ఆయన వీపు మీద కొడుతూ తను కూడా నవ్వింది. కింద పెట్టిన మిరపకాయ తొక్కు ఎవరు తిన్నారో తెలియదు. సుంకమ్మ దూది అంటిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మి నవ్వడం, ఇక్కడికొచ్చాక అదే మొదటిసారి చూశాను. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. తొక్కు ఘాటు అని చెప్పాను.

పంచాయితీ తెగలేదు. సాబుకు సన్నటాయనే గొప్ప, మేరమ్మకు లావాటాయనే. బావా, నాకు ఇప్పటికీ నువ్వే. కానీ జాగ్రత్తగా ఉండు. రామాంజి వెనకాలే వస్తున్నాడు.

ఆదివారం నేను బస్సుకు పోలేదు. సంచిలో బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేశాను. వీరేశు చూశాడు. టీ తెచ్చి ఇచ్చాడు.

మన ఊరి పెద్దలందరికీ నా దండాలు. ఎర్రావుకు గడ్డి తక్కువ చేయొద్దు. పెద్దదానివి, నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకుని నాలుగు మంచి మాటలు అను, ఇక్కడికి అందుతాయి. జాడీ సంగతి మరవొద్దు, ఇప్పుడు రెండు పంపాల్సి ఉంటుంది. ఒకటి సుంకమ్మకు.

ఇంకొక్క మాట. ఈ సోమవారం నాకు కాస్త జలుబు చేసి, గొంతు పట్టేసి, గేటు దగ్గర గమ్మున కూర్చున్నాను. రామాంజి బస్తా మోసుకుంటూ పోతూ, బరువుతోనే ఆగి, “మొరగల్యాదే? ఒంట్లో బాగల్యాదా బావా?” అన్నాడు. ఆదోనికి వచ్చాక మన ఇంటివాళ్లు కాకుండా నా ఒంటి సంగతి అడిగిన మొదటి మనిషి అక్కా ఆయన.

నీ తమ్ముడు,
ఉరుకుందప్ప