మా బడి మూడో టీచరు

గణాంకాల విభాగం గుమాస్తా గారికి,

నూట పద్దెనిమిదో నంబరు సర్కారు శిశుబడి పెద్ద టీచరు నమస్కరించి రాయునది.

మీరు పంపిన వార్షిక ఫారం నింపి దీంతో జతచేశాను. పోయినేడాది నా పుట్టిన తేదీ గడిలో బడి కట్టిన తేదీ రాసినందుకు, నాకు డెబ్భై ఆరేళ్లని లెక్కగట్టి మీ ఆఫీసు రిటైర్మెంటు కాగితాలు పంపింది. మా ఆయన వాటిని చూసి, పదహారేళ్ల వయసు దాచానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకని ఈసారి కళ్లజోడు పెట్టుకుని, సామాన్ల గదిలో తలుపేసుకుని మరీ నింపాను. బయటి గడియ దానంతటదే పడింది. ఆయా వచ్చి తీసేదాకా నలభై నిమిషాలు లోపలే ఉన్నాను. చివరి పేజీ అంత నీటుగా ఉండటానికి కారణం అదే.

మా బడిలో పిల్లలు నలభై ఆరుగురు. చిన్న తరగతిలో ఇరవై ఒక్కరు, పెద్ద తరగతిలో ఇరవై ఐదుగురు. టీచర్లం ఇద్దరం, నేనూ చిన్న టీచరూ. ఆమెకు వచ్చే నెలలో పురుడు. ఆ తర్వాత నేనొక్కదాన్నే. శిశుబడి టీచరుకు వీపున కూడా కళ్లుండాలంటారు. నాకు ముందువే అంతంత మాత్రం. దయచేసి మూడో టీచరును ఇప్పించండి.

ఇట్లు,
పెద్ద టీచరు

తా.క. "మీ బలహీనతలు" అనే గడిలో చోటు చాలలేదు. కాగితం వెనక కూడా రాశాను.

*

పెద్ద టీచరు గారికి,

విషయం: మీ ఫారంలో కనబడిన తేడాలు.

మా రికార్డు ప్రకారం మీ బడిలో టీచర్లు ముగ్గురు. మీరు ఇద్దరని రాశారు. మూడో టీచరు ఉండగా మూడో టీచరును అడగడం నిబంధనలకు విరుద్ధం. ఉన్న టీచరు ఏమైనట్టో ముందు తెలియజేయగలరు.

అదీగాక, మా పరిధిలోని అన్ని శిశుబళ్లలోకీ ఒక్కో పిల్లకు అవుతున్న ఖర్చు మీ బడిలోనే ఎక్కువ. కారణం చెప్పగలరు.

కాబట్టి మీ బడిలో ఉన్నవారందరి జాబితా వారం లోపల పంపాలి. ఒక్కొక్కరి అర్హత, అనుభవం, ప్రవర్తన, బదిలీకి సమ్మతమా కాదా అనేవి విడివిడిగా రాయాలి. ఎవరినీ వదిలిపెట్టరాదు.

ఇట్లు,
గుమాస్తా, గణాంకాల విభాగం

తా.క. మీ బలహీనతలు ఫైలులో ఉంచడానికి వీల్లేదు. మా విభాగంలో అందరూ ఒకసారి చదివాక తిప్పి పంపుతాము.

*

గుమాస్తా గారికి నమస్కారాలు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషిని నేను. మీ ఉత్తరం చదవగానే మూడో టీచరును నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయానని భయమేసింది. తాళాలు, గొడుగు, ఒకసారి మా అత్తగారిని కూడా బస్టాండులో అలాగే మరిచిపోయిన చరిత్ర నాది. అందుకని ఆయాతో కలిపి ముగ్గురం బడంతా వెతికాం. బీరువా వెనక పిల్లల బూటు ఒకటి, అటక మీద రెండు గ్లోబులు దొరికాయి. టీచరు మాత్రం దొరకలేదు. ఆయా అయితే, "మీకు కనబడలేదేమో గానీ, ఇంతకాలం ఇంకో మనిషి ఉంటే నేను ఒక్కసారైనా టీ ఇచ్చుండేదాన్ని కదమ్మా!" అంది.

ఖర్చు సంగతి నాకూ అంతుబట్టలేదు. మా రంగు పెన్సిళ్లు అరిగి అరిగి చిటికెన వేలంత అయ్యాయి. తెల్లకాగితం రెండు వైపులా బొమ్మలేయించి, ఆ మీదట దాన్నే పడవ చేయిస్తున్నాను. ఇంతకంటే పొదుపు చేయాలంటే పిల్లల్ని గాల్లో బొమ్మలేయమనాలి.

మీరు అడిగిన జాబితా నలభై ఆరుగురిదీ జతచేశాను. మూడు రోజులు పట్టింది. పిల్లలకు కూడా ఇన్ని గడులు పెడుతున్నారంటే రోజులెంత మారాయో అనుకున్నాను. పేర్లకు చోటివ్వలేదు కాబట్టి వరస నంబర్లే వేశాను.

ఇట్లు,
వెతికి వెతికి నడుం పట్టేసిన పెద్ద టీచరు

తా.క. పద్నాలుగో నంబరు ప్రవర్తన గడిలో "కొరుకుతుంది" అని రాసి కొట్టేసి, "కొరకడం తగ్గింది" అని రాశాను. ఆ కొట్టివేత నాదే.

*

పెద్ద టీచరు గారికి,

విషయం: మీ సిబ్బంది జాబితాపై తీవ్ర అభ్యంతరం.

ముగ్గురు ఉండాల్సిన చోట నలభై ఆరుగురు సిబ్బంది ఉన్నారని ఈ జాబితా వల్ల తెలిసి మా పెద్దసారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం విభాగంలో ఎవరూ ఇంతవరకు చూడలేదు. ఖర్చు ఎందుకు ఎక్కువో ఇప్పుడు అర్థమైంది.

వాళ్లు ఎలాంటివారో చూద్దామంటే ఇంకా దారుణంగా ఉంది. తొమ్మిదో నంబరు రోజూ పనివేళల్లో గంటన్నర నిద్రపోతారని రాసి, పక్కనే "చాలా మంచి అలవాటు" అని మెచ్చుకున్నారు. ముప్పై ఒకటో నంబరు అర్హత "పది దాకా లెక్కపెడతాడు, ఏడు వదిలేస్తాడు". ఇరవై రెండో నంబరు బదిలీకి ఒప్పుకుంటారు గానీ "వాళ్లమ్మ గేటు దాకా రావాలి". అందరికీ నాలుగైదేళ్ల అనుభవం ఉందని మీరే రాశారు. ఇన్నేళ్లూ వీళ్ల చేత పిల్లలకు ఏం చెప్పించారు?

ముగ్గురిని ఉంచుకుని, మిగతా నలభై మూడు మందినీ టీచర్లు తక్కువైన ఇతర శిశుబళ్లకు బదిలీ చేస్తున్నాము. ఆ బళ్లవాళ్లకు ఉత్తర్వులు వెళ్లిపోయాయి.

ఇట్లు,
గుమాస్తా, గణాంకాల విభాగం

తా.క. ఇది ఆఫీసు విషయం కాదు. తొమ్మిదో నంబరు గారు పట్టపగలు అంత గాఢంగా ఎలా నిద్రపోతారో కనుక్కుని రాయగలరా? నాకు ఏడాదిగా కంటిమీద కునుకు లేదు.

*

గుమాస్తా గారికి,

అయ్యా, వాళ్లు సిబ్బంది కారు. పిల్లలు!

"బడిలో ఉన్నవారందరి" అన్నారు. ముప్పై ఏళ్లుగా బడిలో ఉన్నవారంటే నాకు పిల్లలే. నేనూ ఉన్నానన్న సంగతి నాకెప్పుడూ గుర్తురాదు. అనుభవం అన్నారు, పుట్టి ఎన్నాళ్లయిందో రాశాను. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, నేను ఈనిందన్నాను, మీరు కట్టేశారు. మొదటి తప్పు నాదే. నా బలహీనతల కాగితం తిరిగొస్తే దాన్ని కూడా చేరుస్తాను, అంచు మీద కొంచెం చోటుంది.

నిన్న పొద్దున్నే పక్క వీధి శిశుబడి పెద్ద టీచరు మీ ఉత్తర్వు పట్టుకుని, వ్యాను మాట్లాడుకుని వచ్చింది. "నాకు కేటాయించిన నలుగురు టీచర్లేరీ? రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను" అంటూ సంతోషంతో లోపలికి అడుగుపెట్టింది. ఆ నలుగురూ అప్పుడు ఇసుకలో కూర్చుని ఉన్నారు. సంగతి తెలిశాక మేమిద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక ఆమె అలాగే అరుగు మీద కూలబడి, "నిజంగానే వస్తారనుకున్నానే..." అంది.

ఇక నవ్వులాట కాని సంగతి. చిన్న టీచరుకు పురుడు పది రోజులు ముందుకొచ్చింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఈరోజు నుంచి నేనూ ఆయా, నలభై ఆరుగురు. నిబంధన ప్రకారం ఒక్క టీచరుకు ఇరవై ఐదుగురికి మించి ఉండకూడదు కాబట్టి, సోమవారం నుంచి చిన్న తరగతి మూసేయాలి. ఆ ఇరవై ఒక్కరి ఇళ్లకు నేనే వెళ్లి చెప్పి వస్తున్నాను. తొమ్మిదో నంబరు తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. నేను చెప్పిందంతా విని ఆమె, "అయితే దీన్ని ఆ వేడి నీళ్ల గదిలోకి తీసుకుపోనా టీచరమ్మా?" అంది. తిట్టినా బాగుండేది. ముప్పై ఏళ్లలో నేను నింపిన తప్పుడు ఫారాలన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి.

మీ పుస్తకంలో ఆ మూడో టీచరు నిజంగా ఉంటే ఎవరో చెప్పండి. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను.

ఇట్లు,
పెద్ద టీచరు

తా.క. వ్యాను ఎక్కించబోతున్నారనుకుని పద్నాలుగో నంబరు ఆ పెద్ద టీచరు చేతిని పట్టుకుంది, పళ్లతో. "తగ్గింది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మరో తా.క. తొమ్మిదో నంబరును అడిగాను. కళ్లు మూసుకుంటే నిద్ర వస్తుందట.

*

పెద్ద టీచరమ్మ గారికి నమస్కరించి రాయునది.

ముందుగా, నలభై మూడు బదిలీలూ రద్దుచేశాము. వాటిని టైపు చేసింది నేనే. ఇరవై రెండో నంబరు ఉత్తర్వులో "తల్లితో సహా" అని ప్రత్యేకంగా చేర్చినందుకు కూడా క్షమాపణ కోరుతున్నాను.

మీ ఉత్తరం చదువుతూ, వేడి నీళ్ల గది అన్న మాట దగ్గర ఆగిపోయాను. వెంటనే జీతాల పట్టీ తీశాను. అందులో పేర్లుండవు, ఉద్యోగి నంబర్లే ఉంటాయి. మీ బడి కింద మూడో టీచరు ఉన్న మాట నిజమే. తొమ్మిదేళ్లుగా మీ బడి ఖర్చులోంచి నెలనెలా జీతం. ఒక్కరోజు కూడా గైర్హాజరు లేదు. ఒక్కో పిల్ల మీద ఖర్చు పెరిగింది ఆ జీతం వల్లే. నాకు ఒళ్లు మండిపోయింది. "తొమ్మిదేళ్లుగా పసిపిల్లల సొమ్ము తింటూ బడి ముఖమైనా చూడని మీకు సిగ్గు లేదా?" అని నోటీసు రాశాను. పెద్దసారు "సిగ్గు" కొట్టేసి "సంజాయిషీ" అని మార్చారు. ఆ నంబరు వేసి, చిరునామా చూసి పంపే విభాగానికి ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో రిజిస్టరు పోస్టు కవరుతో. "తొమ్మిదేళ్లుగా డ్యూటీకి వెళ్లడం లేదటగా? మరి రోజూ నా చేత బాక్సు కట్టించుకుని ఎక్కడికి పోతున్నారు?" అంది.

మీ మూడో టీచరును నేనేనండీ.

తొమ్మిదేళ్ల క్రితం నాకు శిశుబడి టీచరుగా ఉద్యోగం వచ్చింది. బడిలో చేరాల్సిన రోజునే, చేతిరాత బాగుందని మూడు నెలల కోసం ఆఫీసుకు పిలిచారు. మూడు నెలలయ్యాక వెళ్లమని ఎవరూ అనలేదు. వెళ్తానని నేనూ అనలేదు. ఫ్యాను సరిగ్గా నా నెత్తిమీదే ఉండేది. కొన్నాళ్లకు నన్ను ఆఫీసులోనే కలిపేసుకున్నారనుకున్నాను. అప్పట్లో మీ బడి నంబరు నలభై మూడు. తర్వాత నంబర్లన్నీ మార్చారు. మార్చిన మహానుభావుణ్ణీ నేనే. వేలమంది ఉద్యోగుల నంబర్లు నోటికొచ్చిన నాకు, నాది ఒక్కటే గుర్తులేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నన్ను నేను జేబులో పెట్టుకుని మిమ్మల్ని అటకలెక్కించాను.

ఈ ఉదయం పెద్దసారు దగ్గరికి వెళ్లి, "నన్ను నా బడికి పంపండి" అన్నాను. "పసిపిల్లలయ్యా, తట్టుకోగలవా?" అని అడిగారు. తట్టుకోలేనేమో. కానీ సంతకం చేయించుకున్నాను. సోమవారం ఎనిమిదింటికి గేటు దగ్గర ఉంటాను. చిన్న తరగతి మూయకండి. ఆ ఇరవై ఒక్క ఇళ్లకూ ఇంకోసారి వెళ్లాలి కదా, ఆదివారం నేనూ మీతో వస్తాను. ఆ దుప్పట్లు ఉతికే తల్లికి మాత్రం నేనే చెబుతాను.

ఇట్లు,
తొమ్మిదేళ్లు ఆలస్యంగా,
మీ మూడో టీచరు

తా.క. నేను లేచిన కుర్చీ ఖాళీగా ఉంది. చేతిరాత బాగున్న టీచరు ఎవరైనా ఉంటే చూడమని, అదీ మూడు నెలల కోసమేనని పెద్దసారు ఇప్పుడే చెప్పారు. మీ ఉత్తరాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. అమ్మా, మీకు పుణ్యం ఉంటుంది, ఇకనుంచి కాస్త గిలికి రాయండి.