పూజగదిలోని పన్ను

శుక్రవారం రాత్రి, ఆదోని

సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి మరిది వచ్చాడు. శిలాజాలు ఏరి దాచుకోవడం అతనికి పిచ్చి. పూజగదిలోని నాగస్వామి కోరను చూస్తానంటే ఇచ్చాను. మా ఆయన బతికుండగా తమిళనాడులో ఏదో సున్నపురాయి గనిలో దొరికిందని తెచ్చాడు. అప్పటి నుంచీ అత్త ప్రతి శుక్రవారం దానికి పసుపు పూయించి పువ్వు పెట్టిస్తోంది.

మరిది తడిగుడ్డతో పసుపు తుడిచి, భూతద్దంలో చూశాడు.

"వదినా, పాము కోరయితే సూది మాదిరి ఉంటాది. ఇది సూడు, బిళ్ల మాదిరి ఉంది, అంచంతా రంపమే. సొరచేప పన్ను ఇది. రాయైపోయింది. మనుషులు పుట్టకముందుది."

"చేపదా?" అన్నాను. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు.

"అమ్మకు నువ్వే సెప్పు. నాతో కాదు" అని బస్సుకు వెళ్లిపోయాడు.

మంచంలోంచి అత్త అడిగింది. "వాడు ఏమన్నాడే?"

"శానా పాతదంట అత్తా. మనుషులు పుట్టకముందుదంట."

ఆమె పడుకున్నచోటే చేతులు జోడించింది. "నా కొడుకు చేతికే దొరికింది సూడు. ఇంకో రెండు పూలు పెట్టు."

మళ్లీ పసుపు పూసి, పూలు పెట్టాను.

అబద్ధమైతే చెప్పలేదు స్వామీ. కానీ రేపటి నుంచి దాని ముందు చేతులు జోడిస్తే, ఎవరికి మొక్కుతున్నట్టు? మా ఆయనకేనేమో...